ఒకే కంప్యూటర్, నలుగురి క్లౌడ్ ఖాతాలు: కలిసిపోకుండా అమర్చుకోవడం ఎలా?

నలుగురున్న ఇంట్లో నాలుగు జీమెయిల్ ఖాతాలు ఉండటం ఇప్పుడు మామూలే. కొత్త ఫోను తెరిచిన రోజే ఆ ఖాతా పుడుతుంది. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం నలుగురూ ఒకే పేరుతో, ఒకే డెస్క్‌టాప్ మీదకు వెళ్తారు. చిక్కంతా అక్కడే ఉంది. విండోస్‌లో అందరిదీ ఒకే పేరైనంత కాలం క్లౌడ్‌లో (నెట్ ద్వారా ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటి చోట్లలో) ఎన్ని ఖాతాలు తెరిచినా ఫైళ్లు కలుస్తూనే ఉంటాయి. అందుకే ఈ పనిని చివరి నుంచి కాకుండా మొదటి నుంచి చేద్దాం. ముందు కంప్యూటర్‌లో ఎవరి గది వారికి కట్టాలి. క్లౌడ్ సంగతి తర్వాత.

ఉదాహరణకు గుంటూరులో, బ్రాడీపేటలోని ఒక ఇంటిని ఊహించుకోండి. తండ్రికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. తక్‌పట్టీల (సరుకు అమ్మకపు చీటీల) ఫోటోలు, కోల్డ్ స్టోరేజీ రసీదులు, రైతుల బాకీల ఎక్సెల్ షీట్లు ఆయనవి. తల్లి ప్రైవేటు స్కూల్లో టీచరు. ప్రశ్నపత్రాలు ఆమెవి. అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. అబ్బాయి తొమ్మిదో తరగతి, అదీ తల్లి పనిచేసే స్కూల్లోనే. యూనిట్ టెస్టు పేపరు ‘డాక్యుమెంట్స్’ ఫోల్డరులో అందరికంటే పైన కనిపిస్తుంటే, లెక్కల పరీక్షకు ముందే పిల్లవాడికి నిజాయితీ పరీక్ష పెట్టినట్లవుతుంది. ఖాతాలు వేరు చేయమంటే ‘ఇంట్లో దాపరికాలేమిటి’ అనే పెద్దలుంటారు. వాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్తే చాలు, మరో మాట మాట్లాడరు.

ముందు కాగితం మీద

కంప్యూటర్ ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాసి, పక్కన మూడు వివరాలు రాయండి: వారి క్లౌడ్ ఖాతా ఏది, ఆ ఖాతాకు ఓటీపీ ఏ నంబరుకు వస్తుంది, వారికి కంప్యూటర్‌లో నిజంగా కావలసిన ఫైళ్లు ఏవి.

రెండో వివరం దగ్గరే చాలా ఇళ్లలో అసలు బండారం బయటపడుతుంది. తల్లి ఫోనులోనూ తండ్రి ఫోనులోనూ ఒకే జీమెయిల్ ఉంటుంది. ఎప్పుడో ఎవరో ఫోను కొన్నప్పుడు ఉన్న ఖాతానే పెట్టి ఇచ్చేశారు. దానితో ఆయన కాంటాక్టులు ఆమె ఫోనులో, ఆమె ఫోటోలు ఆయన ఫోనులో కనిపిస్తుంటాయి. లేదంటే పిల్లల ఖాతాలన్నింటికీ ఓటీపీ తండ్రి నంబరుకే పోతుంది. యార్డులో పాట జరిగే వేళ ఆయన ఫోను ఎత్తరు. ఇంట్లో అమ్మాయి అసైన్‌మెంటు పంపలేక కూర్చుంటుంది.

కాబట్టి మొదటి పని ఇది: ఒక మనిషికి ఒక ఖాతా, ఆ ఖాతాకు ఆ మనిషి నంబరే. గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ’ భాగంలో రికవరీ ఫోను, రికవరీ మెయిల్ మార్చుకోవచ్చు. 13 ఏళ్లు నిండని పిల్లలైతే ‘ఫ్యామిలీ లింక్’ ద్వారా తల్లిదండ్రుల పర్యవేక్షణలో నడిచే ఖాతా తెరవాలి. పెద్దవాళ్ల వయసు పెట్టి అబద్ధపు ఖాతా తెరవకండి. అది ఎప్పుడైనా లాక్ అయితే తిరిగి తెరిపించుకోవడం తలనొప్పి.

ఏ క్లౌడ్ అయితే మంచిది అని చాలామంది అడుగుతారు. నా లెక్కలో, ఇప్పటికే ఫోనులో ఉన్నదే మంచిది. ఉచితంగా దొరికే చోటు ఎంతో మాత్రం తెలుసుకోండి. గూగుల్ 15 జీబీ ఇస్తుంది, కానీ అందులోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. వన్‌డ్రైవ్ 5 జీబీ, ఆపిల్ ఐక్లౌడ్ 5 జీబీ. డ్రాప్‌బాక్స్ 2 జీబీ మాత్రమే, అదీ మూడు పరికరాల వరకే. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు ఆ గూగుల్ 15 జీబీలోంచే చోటు తీసుకుంటుంది. పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలకు కూడా ఖాతాలో చోటు ఖర్చవుతోందన్నమాట.

విండోస్‌లో ఎవరి పేరు వారికి

ఇదే అసలు మెట్టు. దీన్ని వదిలేసి మిగతావన్నీ చేసినా ఫలితం సగమే.

ముందుగా, ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్న ఖాతా ఎవరిదో చూడండి. సెట్టింగ్స్ తెరిచి ‘అకౌంట్స్’కు వెళ్తే ‘యువర్ ఇన్ఫో’ అనే చోట పేరు, మెయిల్ కనిపిస్తాయి. కంప్యూటర్ అమ్మిన కొట్టు కుర్రాడు హడావిడిలో తన మెయిల్‌తోనే తెరిచి ఇచ్చిన ఇళ్లు ఉన్నాయి. అలా ఉంటే దాన్ని వెంటనే మార్చాలి. ఎందుకంటే విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్కు మొత్తం గుప్తీకరించి ఉంటుంది. దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ, మొదట సైన్-ఇన్ చేసిన అడ్మినిస్ట్రేటర్ (కంప్యూటర్‌లో అన్ని మార్పులూ చేసే హక్కున్న యూజరు) మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. రేపు కంప్యూటర్ మొండికేసి ఆ కీ అడిగితే, మీ ఇంటి తాళం చెవి ఎక్కడో ఉద్యోగం మారిన కుర్రాడి మెయిల్‌లో ఉంటుంది. మీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, ‘డివైజెస్’ కింద ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఇప్పుడు కొత్త పేర్లు చేర్చే పద్ధతి. విండోస్ 11లో సెట్టింగ్స్, అకౌంట్స్, ‘అదర్ యూజర్స్’ వరుసగా తెరిచి ‘యాడ్ అకౌంట్’ నొక్కండి. విండోస్ 10లో అదే చోటును ‘ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్’ అంటారు. అన్నట్టు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నలుగురి ఫైళ్లు పెట్టబోతున్న కంప్యూటర్ ఇంకా దాని మీదే ఉంటే, 11కు మారే వీలుందో లేదో ముందు చూసుకోండి.

యాడ్ అకౌంట్ నొక్కగానే మెయిల్ చిరునామా అడుగుతుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. మైక్రోసాఫ్ట్ మెయిల్ ఇస్తే విండోస్ ఖాతాతో పాటు వన్‌డ్రైవ్ కూడా తనంతట తానే లేచి కూర్చుంటుంది. అది వద్దనుకుంటే, కింద చిన్న అక్షరాల్లో ఆ వ్యక్తి సైన్-ఇన్ వివరాలు తెలియవని చెప్పే లింకు నొక్కండి. తర్వాతి తెరలో మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా యూజరును చేర్చే లింకు వస్తుంది. అలా తయారయ్యేది లోకల్ అకౌంటు, అంటే ఈ ఒక్క కంప్యూటర్‌కే పరిమితమైన ఖాతా. వన్‌డ్రైవ్ వాడేవారికి మొదటి దారి, గూగుల్ డ్రైవ్ వాడేవారికి రెండో దారి అని నేను సలహా ఇస్తాను. గూగుల్ వాడే మనిషి కంప్యూటర్‌లో వన్‌డ్రైవ్ కూడా పనిచేస్తుంటే ఏ ఫైలు ఎక్కడికి పోయిందో ఆయనకు ఎప్పటికీ అర్థం కాదు. లోకల్ అకౌంటుకు పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు మూడు భద్రతా ప్రశ్నలు అడుగుతుంది. వాటి జవాబులు ఇంట్లో అందరికీ తెలిసినవి కాకుండా చూసుకోండి. ‘నీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటి’ అన్న ప్రశ్నకు జవాబు తమ్ముడికి తెలియకుండా ఉంటుందా?

చేర్చిన ప్రతి పేరు మొదట ‘స్టాండర్డ్ యూజర్’గానే ఉంటుంది. అలాగే ఉండనివ్వండి. అడ్మినిస్ట్రేటర్ ఒక్కరే చాలు. ఆ ఒక్కరు డబ్బు పెట్టి కొన్నవారే కానక్కర్లేదు, తెర మీద వచ్చిన ప్రతి సందేశాన్ని చదివాక గానీ ‘ఎస్’ నొక్కని మనిషి అయితే చాలు. మన ఉదాహరణలోని ఇంట్లో ఆ మనిషి బహుశా టీచరుగారు.

ఇక్కడ రెండు సంగతులు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఒకటి: స్టాండర్డ్ యూజరు మరొకరి డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ తెరవలేరు, కానీ అడ్మినిస్ట్రేటర్ తలుచుకుంటే తెరవగలరు. ‘కంటిన్యూ’ అని ఒక్కసారి నొక్కితే చాలు. అంటే ఈ ఏర్పాటు పొరపాట్ల నుంచి కాపాడుతుందే తప్ప పూర్తి రహస్యం కాదు. రెండోది ఇంకా ముఖ్యం. మన దగ్గర చాలామందికి సి డ్రైవ్ అంటే భయం. ఫార్మాట్ చేస్తే పోతుందని విలువైనవన్నీ డి డ్రైవ్‌లో పెడతారు. ఈ కాపలా సి డ్రైవ్‌లో ఎవరి పేరుతో ఉన్న ఫోల్డరుకే. డి డ్రైవ్‌లో పెట్టిన ఫైలును మామూలుగా ఇంట్లో ఏ యూజరైనా తెరవవచ్చు, మార్చవచ్చు, తుడిచేయవచ్చు. నాలుగు పేర్లు తెరిచి ప్రశ్నపత్రాలు మాత్రం డి డ్రైవ్‌లోనే ఉంచితే చేసిన పనంతా వృథా.

పాత ఫైళ్ల పంపకం

సింక్ సాఫ్ట్‌వేర్ (కంప్యూటర్‌లోని ఫైళ్లనూ క్లౌడ్‌లోని ఫైళ్లనూ తనంతట తానే ఒకేలా ఉంచేది) పెట్టకముందే ఈ పని పూర్తి కావాలి. లేకపోతే డాక్యుమెంట్స్‌లో కలిసి ఉన్న తండ్రి పట్టీలు, అమ్మాయి ల్యాబ్ రికార్డులు, పెళ్లి వీడియోలు అన్నీ మొదట సైన్-ఇన్ చేసినవారి క్లౌడ్‌లోకి ఎక్కిపోతాయి. ఆ తర్వాత వేరు చేయడమంటే ఎక్కినవి తుడిచి మళ్లీ ఎక్కించడమే.

ఒక బయటి హార్డ్‌డిస్కు తెచ్చి, ఉన్నవన్నీ ఉన్నట్టే ముందు దానిలోకి కాపీ చేయండి. కట్ చేయకండి, కాపీ చేయండి. మధ్యలో కరెంటు పోతే కట్ చేసినవి అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదముంది. తర్వాత డి డ్రైవ్‌లో ‘పంపకం’ అని ఒక ఫోల్డరు తెరిచి, లోపల ఒక్కొక్కరి పేరుతో ఒక్కో ఫోల్డరు పెట్టి, పాత ఫైళ్లను వాటిలోకి సర్దండి. ఎవరివో తేలనివి, అందరికీ సంబంధించినవి ‘ఇల్లు’ అనే మరో ఫోల్డరులో వేయండి. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ పేరుతో విండోస్‌లోకి వెళ్లి తమ వాటాను తమ డాక్యుమెంట్స్‌లోకి తీసుకోవాలి. అందరూ తీసుకున్నాక, ఓ వారం ఆగి, ‘పంపకం’ ఫోల్డరు తీసేయండి. హార్డ్‌డిస్కులో ఉన్నది మాత్రం అలాగే ఉండనివ్వండి.

క్లౌడ్‌ను కలపడం

వన్‌డ్రైవ్ విండోస్‌తోనే వస్తుంది. గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరును గూగుల్ సొంత పేజీ నుంచే దించుకోండి. దాన్ని పెట్టేటప్పుడు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ విండోస్ పేరుతో లోపలికి వెళ్లి తమ గూగుల్ ఖాతాతో సైన్-ఇన్ చేయాలి. ఒకరి సైన్-ఇన్ మరొకరికి వర్తించదు. మనం మొదట గదులు కట్టింది దీనికోసమే.

గూగుల్ డ్రైవ్ సెట్టింగ్స్‌లో ‘స్ట్రీమ్’, ‘మిర్రర్’ అని రెండు ఎంపికలు ఉంటాయి. స్ట్రీమ్ పెడితే ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరిచినప్పుడే అసలు ఫైలు దిగుతుంది. మిర్రర్ పెడితే క్లౌడ్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోనూ ఉంటుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ డిస్కు మీద నలుగురూ మిర్రర్ పెట్టుకుంటే డిస్కు నిండిపోయి కంప్యూటర్ నత్తనడక పడుతుంది. కాబట్టి నలుగురూ స్ట్రీమ్ పెట్టుకోండి. నెట్ లేకపోయినా చేతిలో ఉండాల్సిన ఫోల్డరు ఏదైనా ఉంటే, ఉదాహరణకు తండ్రిగారి ఈ సీజను పట్టీలు, దాని మీద కుడి క్లిక్ చేసి ఆఫ్‌లైన్‌లో ఉంచే ఎంపిక నొక్కండి. మిగతావి క్లౌడ్‌లో ఉంటే చాలు.

వన్‌డ్రైవ్‌లోనూ ఇదే పద్ధతి, గుర్తులే వేరు. ఫైలు పక్కన మేఘం బొమ్మ ఉంటే అది క్లౌడ్‌లోనే ఉంది. పచ్చ గీతతో టిక్కు ఉంటే దిగింది. నిండు పచ్చ వలయంలో తెల్ల టిక్కు ఉంటే ఎప్పుడూ కంప్యూటర్‌లో ఉంటుంది. చోటు కావాలంటే కుడి క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కాలి. ‘డిలీట్’ నొక్కకూడదు. మొదటిది కంప్యూటర్‌లో ఉన్న ప్రతిని మాత్రమే తీసేస్తుంది. రెండోది క్లౌడ్‌లోంచి కూడా తీసేస్తుంది. ఈ రెండింటి తేడా ఇంట్లో అందరికీ విడివిడిగా, తెర చూపించి చెప్పండి.

వన్‌డ్రైవ్ తన చొరవతో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్‌ను బ్యాకప్ చేస్తానంటుంది. కొత్త కంప్యూటర్లలో అది ముందే ఆన్ అయి ఉండవచ్చు. ఫోనులోంచి తెచ్చిన నాలుగు వీడియోలు డెస్క్‌టాప్ మీద పడేస్తే 5 జీబీ ఇట్టే నిండుతుంది. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ బ్యాకప్’ తెరిచి, డాక్యుమెంట్స్ మాత్రం ఉంచి మిగతా రెండూ ఆపేయడం నా పద్ధతి. ఒకే ఫోల్డరును వన్‌డ్రైవ్‌కూ గూగుల్ డ్రైవ్‌కూ రెండింటికీ అప్పజెప్పకండి. రెండూ దాన్ని చెరోవైపు లాగి, ఒకే ఫైలుకు రెండు మూడు ప్రతులు పుట్టిస్తాయి.

కొట్టు లెక్కల గురించి ఒక్క మాట. లెక్కల సాఫ్ట్‌వేరు నడుస్తున్నప్పుడు వాడే డేటా ఫోల్డరును నేరుగా సింక్ ఫోల్డరులో పెట్టకండి. సాఫ్ట్‌వేరు రాస్తూ ఉండగా సింక్ మధ్యలో చెయ్యి పెడితే డేటా చెడిపోవచ్చు. రోజూ కొట్టు మూసే వేళ ఆ సాఫ్ట్‌వేరులోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలును మాత్రం సింక్ ఫోల్డరులో వేయండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలు పడి ఉండగా లెక్కలు పోతే రైతుకు జవాబు చెప్పలేరు.

మొదటిసారి అప్‌లోడ్ రాత్రిపూట పెట్టుకోండి. పగలు పెడితే అబ్బాయి ఆన్‌లైన్ క్లాసు ఆగి ఆగి వస్తుంది. గూగుల్ డ్రైవ్‌లోనూ వన్‌డ్రైవ్‌లోనూ అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టే వీలుంది, వాటి సెట్టింగ్స్‌లో చూడండి.

ఒకే మనిషికి రెండు ఖాతాలుంటే

అమ్మాయికి సొంత జీమెయిల్ ఒకటి, కాలేజీ ఇచ్చిన ఖాతా ఒకటి ఉంటాయి. దీనికి మళ్లీ రెండు విండోస్ పేర్లు అక్కర్లేదు. గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్‌లో ఒకేసారి నాలుగు ఖాతాల వరకు కలపవచ్చు. వన్‌డ్రైవ్‌లో ఒక విండోస్ పేరుకు సొంత ఖాతా ఒక్కటే, దానికి తోడు కాలేజీదో ఆఫీసుదో చేర్చుకోవచ్చు. డ్రాప్‌బాక్స్‌లో సొంతది ఒకటి, ఆఫీసుది ఒకటి. ఇంట్లో ఇద్దరి సొంత వన్‌డ్రైవ్ ఖాతాలను ఒకే విండోస్ పేరులో నడపాలని చూసేవారు చివరకు విసిగిపోవడానికి కారణం ఈ నియమమే.

కాలేజీ ఖాతా కాలేజీది. చదువు అయ్యాక అది ఎప్పుడు మూసేయాలో వాళ్ల ఇష్టం. ప్రాజెక్టు రిపోర్టులు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు మొదటి నుంచీ సొంత ఖాతాలో ఉంచమని చెప్పండి.

బ్రౌజరు ప్రొఫైళ్లు, చుట్టాలు

‘ఇంత ఎందుకు, క్రోమ్‌లో నాలుగు ప్రొఫైళ్లు పెట్టుకుంటే పోలేదా’ అంటారు కొందరు. క్లౌడ్‌ను బ్రౌజరులో మాత్రమే తెరిచే ఇంటికి అది కొంతవరకు సరిపోతుంది. కానీ ఆ ప్రొఫైళ్లకు తాళం ఉండదు. బొమ్మ మీద నొక్కితే ఎవరైనా ఎవరి ప్రొఫైల్‌లోకైనా వెళ్లవచ్చు. దించుకున్న ఫైళ్లన్నీ ఒకే ‘డౌన్‌లోడ్స్’లో పడతాయి. వాట్సాప్‌ను కంప్యూటర్‌కు కలిపినా ఇంతే. విండోస్ పేరు ఒకటే అయితే తండ్రిగారి వ్యాపార సంభాషణలన్నీ ఇంటిల్లిపాదికీ కనిపిస్తాయి.

ప్రింటు తీసుకోవడానికి వచ్చే పక్కింటివారికీ, సెలవుల్లో వచ్చే మేనల్లుడికీ బ్రౌజరులో ‘గెస్ట్’ విండో తెరిచి ఇవ్వండి. అది మూసేయగానే వారి మెయిల్ కూడా సైన్ ఔట్ అయిపోతుంది. పాస్‌వర్డ్ గుర్తుంచుకోమంటారా అని బ్రౌజరు అడిగితే, మీ గదిలో మీరు సరే అనవచ్చు, చుట్టాల విషయంలో వద్దు.

అందరికీ కావలసిన కాగితాలు

వేరు చేయడం అయింది. ఇప్పుడు కలిపి ఉంచాల్సినవి. ఇంటి పన్ను రసీదులు, పొలం పాస్‌పుస్తకం, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), బీమా పాలసీలు, ఆసుపత్రి రిపోర్టులు అందరి చేతికీ అందాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, బీరువా కింది అరలో ఉన్న కాగితం గతి ఏమవుతుందో పక్క ఊరి వాళ్లం మనమూ చూశాం. ‘ఇల్లు’ ఫోల్డరు ఉండటం అందుకే అవసరం.

ఒకరి డ్రైవ్‌లో ఆ ఫోల్డరు తెరిచి, ‘షేర్’ నొక్కి, మిగతావారి మెయిల్ చిరునామాలు ఒక్కొక్కటిగా చేర్చండి. లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అనే ఎంపిక మాత్రం వద్దు. ఆ లింకు కుటుంబ వాట్సాప్ గ్రూపులోంచి ఎక్కడెక్కడికి తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. మార్చే హక్కు ఇద్దరికి చాలు, మిగతావారికి చూసే హక్కు ఇవ్వండి. మీతో పంచుకున్న గూగుల్ ఫోల్డరు కంప్యూటర్ డ్రైవ్‌లో తనంతట తాను కనిపించదు. బ్రౌజరులో ‘షేర్డ్ విత్ మీ’ తెరిచి, ఆ ఫోల్డరుకు షార్ట్‌కట్‌ను ‘మై డ్రైవ్’లో పెట్టుకుంటే అప్పుడు కనిపిస్తుంది.

చోటు ఎవరి ఖాతాలోంచి పోతుందన్నది ఒక్కో క్లౌడ్‌లో ఒక్కో రకం. గూగుల్‌లో ఫైలు ఎక్కించినవారి లెక్కలోకి వెళ్తుంది. వన్‌డ్రైవ్‌లో ఫోల్డరు యజమాని లెక్కలోకి. డ్రాప్‌బాక్స్‌లో ఆ ఫోల్డరులో చేరిన ప్రతి ఒక్కరి లెక్కలోకీ వెళ్తుంది. 2 జీబీ ఉచిత ఖాతాలో పెళ్లి ఆల్బం పంచుకుంటే నలుగురి ఖాతాలూ ఒకేసారి నిండటం ఇందువల్లనే.

ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, పదో తరగతి మార్కుల మెమో లాంటివాటికి డిజిలాకర్ ఉండనే ఉంది. జారీ చేసిన సంస్థ నుంచే నేరుగా వచ్చే పత్రాలు కాబట్టి వాటికి అసలు పత్రాలతో సమానమైన చట్టబద్ధత ఉంది. అదీ ఎవరి ఆధార్‌తో వారే తెరుచుకోవాలి.

ఖాతాలు నిండిపోతూ ఉంటే డబ్బు కట్టే ప్లాన్లు నాలుగు విడివిడిగా కొనకండి. గూగుల్ వన్ ప్లాన్‌ను ఒకరు కొని మరో ఐదుగురితో పంచుకోవచ్చు. చోటు ఉమ్మడిది, ఫైళ్లు మాత్రం ఎవరివి వారివే. మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీలో ఆరుగురి వరకు ఒక్కొక్కరికి 1 టీబీ వస్తుంది. నిండినా పట్టించుకోకుండా ఉండటం మాత్రం మంచిది కాదు. గూగుల్ ఖాతా నిండితే జీమెయిల్‌కు మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. హాల్ టికెట్ల కాలంలో ఇది ఎంత పని చేస్తుందో చెప్పనక్కర్లేదు.

తుడిచేస్తే అన్నిచోట్లా పోతుంది

సింక్‌ను బ్యాకప్ అనుకోకండి. కంప్యూటర్‌లో తుడిచిన ఫైలు క్లౌడ్‌లోనూ పోతుంది, ఫోనులోనూ పోతుంది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాల్లో తుడిచినవి 30 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. ఆలోపు వెబ్‌సైటులోకి వెళ్లి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఆశ వదులుకోవడమే. నెలకోసారి అదే బయటి హార్డ్‌డిస్కులోకి ‘ఇల్లు’ ఫోల్డరు, కొట్టు బ్యాకప్, సర్టిఫికెట్లు కాపీ చేసి తీసి పక్కన పెట్టండి. హార్డ్‌డిస్కును కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచితే రెండూ ఒకేసారి పోయే ప్రమాదం ఉంది.

ప్రతి ఖాతాకూ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోను ద్వారా మరో నిర్ధారణ అడిగే పద్ధతి) పెట్టండి. గూగుల్ అప్పుడు ఎనిమిదేసి అంకెల బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తుంది. ఫోను పోయినప్పుడు లోపలికి వెళ్లే దారి అవే. వాటిని ఫోటో తీసి అదే ఖాతాలో దాచుకుంటే అవసరమైన రోజున అందవు, కాగితం మీద రాయండి. వాడకుండా రెండేళ్లు వదిలేసిన గూగుల్ ఖాతాను సంస్థ తొలగించవచ్చు. నాయనమ్మ ఖాతాలో పాత ఫోటోలుంటే అప్పుడప్పుడూ తెరుస్తూ ఉండండి.

వాడకంలో రెండు అలవాట్లు

లేచి వెళ్లేటప్పుడు విండోస్ బొమ్మ ఉన్న కీ, ఎల్ కీ కలిపి నొక్కండి, తెర లాక్ అవుతుంది. అలా లాక్ చేస్తే మీ సింక్ వెనకాల నడుస్తూనే ఉంటుంది. ‘సైన్ ఔట్’ చేస్తే ఆగిపోతుంది. 16 జీబీ ర్యామ్ ఉంటే లాక్ చేసి వెళ్లినా ఇబ్బంది లేదు. 4 జీబీ, 8 జీబీ కంప్యూటర్‌లో నలుగురూ లాక్ చేసి వెళ్తే నాలుగు డెస్క్‌టాప్‌లు, నాలుగు సింక్‌లు ఒకేసారి మోస్తూ అది కుంటుతుంది. అలాంటి కంప్యూటర్‌లో సింక్ గుర్తు మీద టిక్కు వచ్చేదాకా ఆగి సైన్ ఔట్ చేయాలి.

అంతా అయ్యాక ఒక్కసారి పరీక్షించండి. ప్రతి ఒక్కరి పేరుతో వెళ్లి డాక్యుమెంట్స్‌లో కాదు, వారి క్లౌడ్ ఫోల్డరులో ఒక చిన్న ఫైలు పెట్టి, అది వారి ఫోనులో కనిపిస్తోందా చూడండి. మిగతా ముగ్గురి ఫోన్లలో కనిపించకూడదు. అబ్బాయి పేరుతో వెళ్లి తల్లి ఫోల్డరు తెరవమనండి. వాడు మీకంటే శ్రద్ధగా ప్రయత్నిస్తాడు కాబట్టి ఆ పరీక్షను నమ్మవచ్చు.

రేపు అమ్మాయికి ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్తే ఆమె విండోస్ పేరు తీసేయాలనిపిస్తుంది. తీసేస్తే కంప్యూటర్‌లో ఆమె ఫోల్డరంతా పోతుంది, క్లౌడ్‌లో ఉన్నవి మాత్రం మిగులుతాయి. కాబట్టి ముందు ఆమెనే సైన్-ఇన్ చేయించి, సింక్ పూర్తయిందని, డౌన్‌లోడ్స్‌లోనూ డెస్క్‌టాప్ మీదా ఏమీ మిగల్లేదని చూసుకోనివ్వండి. తర్వాత గూగుల్ డ్రైవ్‌లో ‘డిస్‌కనెక్ట్ అకౌంట్’, వన్‌డ్రైవ్ అయితే ‘అన్‌లింక్ దిస్ పీసీ’ నొక్కి, ఆపైన అడ్మినిస్ట్రేటర్ ‘అదర్ యూజర్స్’లోంచి ఆ పేరు తీసేయాలి. కంప్యూటర్‌ను అమ్మేటప్పుడు అయితే నలుగురి విషయంలోనూ ఇదే చేసి, సెట్టింగ్స్‌లో ‘రిసెట్ దిస్ పీసీ’ తెరిచి, ఫైళ్లన్నీ తీసేసే ఎంపికతో డిస్కు శుభ్రం చేసి ఇవ్వండి.